నాలుగు నిమిషాలు, సొంతం

2004 జూలై 16, శుక్రవారం. తెల్లవారుజాము నుంచి ముసురు. వాన అనటానికి లేదు, కాదనటానికీ లేదు. గొడుగు తెరిస్తే ఆగేది, మూస్తే మొదలయ్యేది. జూబ్లీహిల్స్ గుట్టల మీద మబ్బు ఎంత కిందికి దిగిందంటే, కొత్తగా లేచిన అద్దాల మేడలకు పై అంతస్తులు ఉన్నాయో లేదో తెలియటం లేదు.

ఫిల్మ్‌నగర్‌లో, షేక్‌పేట వైపు దిగే సందులో ఒక డబ్బింగ్ థియేటరు ఉంది. కొమురమ్మ రోజూలాగే ఏడింటికి వచ్చి పెరడు ఊడ్చింది. భువన రోజూలాగే ఎనిమిదింటికి మేడమీది తన గదిలోంచి దిగి, చెప్పులు విడిచి, రాయి రిజిస్టరు తెరిచి ఆ రోజు పద్దు చూసింది. 'ఉదయం 9-20, కుక్క. 10-05, డైరెక్టరు తిట్లు, అర నిమిషం. 11-10, నాలుగు నిమిషాలు, సొంతం.'

రాయి గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఆ సందులో దాని సంగతి అందరికీ తెలుసు కనక అక్కడ ఎవరూ మాట్లాడుకోరు. థియేటరు వెనక పెరట్లో రెండేనుగుల ఎత్తున ఒక గుండు ఉంది. దాని ముందు పది గజాల లోపల ఏ చప్పుడు చేసినా అది తిరిగిస్తుంది. ఏ కొండైనా తిరిగిస్తుంది. కాకపోతే మిగతా కొండలు వెంటనే ఇస్తాయి, ఇది వెయ్యిన్ని తొంభై అయిదు రోజులకు ఇస్తుంది. అంటే మూడేళ్లు. మధ్యలో లీపు సంవత్సరం పడితే తారీకు ఒకటి వెనక్కి జరుగుతుంది, ఎందుకంటే రాయి రోజులు లెక్కపెడుతుందే కాని కాలెండరు చూడదు. ఒకసారి ఇచ్చిన చప్పుడు మళ్లీ ఇవ్వదు.

యూసుఫ్‌గూడలో ఉండే ఒక రిటైర్డు ఫిజిక్సు మేష్టారు ఏదో పౌరాణికంలో మునికి గొంతు ఇవ్వటానికి వచ్చి, ఈ సంగతి విని, సిగరెట్టు పెట్టె వెనక లెక్క వేశారు. శబ్దం సెకనుకు మూడువందల నలభై మీటర్లు పోతుంది. పోయి రావటానికి మూడేళ్లంటే, ఒకవైపు దూరమే కోటీ అరవై లక్షల కిలోమీటర్లు. చంద్రుడి దూరానికి నలభై రెట్లు. "అయితే ఈ రాతి లోపల అంత ఖాళీ ఉందన్నమాట," అని తల ఊపి, టీ తాగి వెళ్లిపోయారు. లెక్క కుదిరింది కనక ఆయనకు ఇంకే అభ్యంతరమూ కనపడలేదు.

షేక్‌పేట వాళ్లు ఆ గుట్టల మీద మేకలు మేపుకునే రోజుల నుంచీ రాయి అంతే. అమ్మేసిన మేకను మూడేళ్ల కిందట పేరు పెట్టి పిలిచిన పిలుపు వినపడితే, ఇప్పుడున్న మేకలు ఒకసారి తలెత్తి చూసి మళ్లీ మేసేవట. ఒకసారి ఎన్నికలప్పుడు ఒక ఆటో ఆ పెరటి గోడ పక్కన ఆగి గంటసేపు ప్రచారం చేసింది. ఓడిపోయిన ఆ అభ్యర్థి మూడేళ్ల తరవాత అదే రోజున వచ్చి, గోడకు ఆనుకుని, తనకు ఓటెయ్యమని తన గొంతే అడుగుతుంటే ఆ గంటసేపూ విని వెళ్లాడు.

థియేటరు వాళ్లకు మాత్రం ఇది పని చెడగొట్టే వ్యవహారం. కథానాయిక చావు సీను డబ్బింగు జరుగుతుంటే మూడేళ్ల కిందటి పాలవాడు 'పాలమ్మా' అనేవాడు. అందుకని యజమాని అచ్యుతరామయ్య రిజిస్టరు పెట్టాడు. పెరట్లో ఏ చప్పుడు జరిగినా తారీకు, టైము, ఎన్ని నిమిషాలు అన్నది రాయాలి. మూడేళ్ల తరవాత ఆ వేళకు రికార్డింగు ఆపి అందరికీ టీ ఇవ్వాలి. ఆ థియేటరులో టీ విరామాలు గడియారాన్ని బట్టి కాక రాయిని బట్టి వచ్చేవి.

అచ్యుతరామయ్య రేపల్లె మనిషి. సినిమావాళ్లతో పాటు మద్రాసు వెళ్లి, వాళ్లతో పాటే తిరిగి ఇటు వచ్చి, 1986లో కొమురమ్మ అత్తవారి దగ్గర ఈ జాగా కొన్నాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. చెవి అద్భుతం. మనసు మాత్రం అనుమానాల పుట్ట. చక్కెర డబ్బాకు తాళం వేసేవాడు. పెరట్లో ఎవరు ఎవరితో ఏం మాట్లాడుకుంటున్నారో తెలియాలని కిటికీ దగ్గర ఒక మైకు పెట్టి, టేపు ఎప్పుడూ తిరుగుతూ ఉండేలా చూసేవాడు. 1999లో ఆయన వాన టేపు కనపడకుండా పోయింది. రేపల్లెలో తమ పెంకుటింటి చూరు కింద కూర్చుని పట్టిన వాన అది. వందకు పైగా సినిమాల్లో కురిసింది. పోయిందని ఆయన ఎవర్నీ అడగలేదు. తాళాలు మాత్రం మూడుసార్లు మార్పించాడు.

2001 జూలై 17న, రిజిస్టరులో ఆ 'నాలుగు నిమిషాలు, సొంతం' అన్న పద్దు ఆయన స్వయంగా రాశాడు. ఆ ఉదయం అందర్నీ లోపలికి పంపేసి ఒక్కడే రాతి ముందు నిలబడి ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో తెలియదు. 2003 నవంబరులో పోయాడు.

పోయిన పదిరోజులకు ఆయన మేనల్లుడు రాఘవేంద్ర ఒక స్టాంపు కాగితం తెచ్చాడు. 1997లో రాసిన వీలునామా: సర్వం మేనల్లుడికి. రాఘవేంద్ర మాదాపూర్‌లో సాఫ్ట్‌వేరు ఇంజనీరు. సెల్‌ఫోన్లలో మాట మాత్రం వినపడి రోడ్డు మీది హోరు వినపడకుండా చేసే ప్రోగ్రాములు రాయటం అతని ఉద్యోగం. సంతకం దొంగదని భువన అనుమానించింది. సాక్షులు దొంగలని రికార్డిస్టులు అనుమానించారు. నిజానికి కాగితం అసలైనదే. అందరూ దాన్నే అనుమానిస్తూ కూర్చున్నారు కనక, అనుమానించాల్సినదాని వైపు ఎవరూ చూడలేదు.

రాఘవేంద్ర అప్పటికే ఒక బిల్డరుతో మాట్లాడుకున్నాడు. ఆగస్టు ఒకటిన జాగా అప్పగించాలి. రాయిని మందు పెట్టి పేల్చి, ఆరంతస్తుల అద్దాల మేడ లేపుతారు. పద్దెనిమిదేళ్లుగా భువన బతుకు ఆ థియేటరు. ఉన్న ఇల్లు ఆ మేడమీది గది. 'నా తరవాత ఇదంతా నీదే' అని అచ్యుతరామయ్య ఆమెతో ఒకే ఒక్కసారి అన్నాడు. అన్న వెంటనే, ఎందుకన్నానా అని ఆమె ముఖం వంక అనుమానంగా చూశాడు. కాగితం ఏదీ ఇవ్వలేదు. ఆ నాలుగు నిమిషాల్లో ఆయన ఏమన్నా చెప్పి ఉంటేనే ఆమెకు నిలవనీడ.

భువన పని సినిమాలకు చప్పుళ్లు చెయ్యటం. అడుగులు, గాజులు, చెంపదెబ్బలు. సముద్రం కూడా ఆమే చేస్తుంది, ఒక ప్లాస్టిక్ టబ్బులో. కొత్తవాళ్లొస్తే నీళ్ల మీద ఒక థర్మోకోలు పూస వేసి చూపించేది. చేత్తో అల లేపితే పూస లేచి, దిగి, ఉన్నచోటే ఉంటుంది, ఒడ్డుకు రాదు. "నీళ్లు ఎక్కడికీ పోవు, కదలిక ఒక్కటే పోతుంది," అనేది. ఇంకో ముచ్చట కూడా చూపించేది. టబ్బుకు ఆ చివర ఒక చెయ్యి, ఈ చివర ఒక చెయ్యి పెట్టి సమంగా అలలు లేపితే, అవి ఎదురెదురుగా వచ్చి కలిసినచోట నీరు చారలు చారలుగా చీలుతుంది. ఒకదాని మిట్ట రెండోదాని పల్లంలో పడినచోట నీరు చచ్చినట్టు ఉంటుంది. మిట్టకు మిట్ట తోడైనచోట రెట్టింపు ఎగురుతుంది. చచ్చినచోటికీ ఎగిరేచోటికీ మధ్య దూరం బెత్తెడు.

ఆ శుక్రవారం పొద్దున తొమ్మిదికి రాఘవేంద్ర కారు దిగి, పెరట్లో షామియానా వేయించి, కుర్చీలు తనే మోసుకొచ్చాడు. తరవాత జేబులోంచి కొలత టేపు తీశాడు.

కొమురమ్మ చీపురు ఆపింది. "ఏంది భువనమ్మా, చిన్నసారు కుర్చీలకు కొలతలు దీస్తుండు? అంగీలు గుట్టిస్తడా ఏంది వాటికి?"

"ఎనిమిది నెలల్లో ఆయన ఒక కుర్చీ జరపటం నువ్వు చూశావా?"

"యాడ సూసిన! తాగిన టీ గ్లాసు గూడ నన్నే దీస్కపొమ్మంటడు."

కుర్చీల వెనక, తెల్లగుడ్డ కప్పిన పెద్ద లౌడ్‌స్పీకరు బాక్సు ఒకటి రాయికేసి ముఖం పెట్టి ఉంది. భువన దాని దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ఇదెందుకండీ రాఘవ గారూ?"

"మావయ్య గొంతు సన్నగా వస్తుందేమోనని. అందరికీ బాగా వినపడాలి కదండీ."

"వినపడటానికైతే బాక్సు మా వైపు తిరగాలి. రాయి వైపు తిప్పారేం?"

"అదంతా టెక్నికల్ అండీ," అన్నాడు రాఘవేంద్ర, టేపు చుట్టేసుకుంటూ. "మీరు టబ్బులో చేసే పని కాదు."

పదిన్నరకు అతని తల్లి లీలాకుమారి వెంగళరావు నగర్ నుంచి ఆటోలో వచ్చింది. అచ్యుతరామయ్యకు ఒక్కగానొక్క చెల్లెలు. మోకాళ్లు పట్టేసి మెట్టు మెట్టుకూ ఆగుతుంది. ఆస్తి ఎవరికి పోయినా ఆమెకు పెద్ద పట్టింపు లేదు. ఎనిమిది నెలలుగా ఆమె ఆ తారీకు కోసం చూస్తున్నది, అన్నయ్య గొంతు ఇంకొక్కసారి వినాలని. కుర్చీ మీద షామియానా నుంచి చుక్కలు పడుతుంటే దాన్ని జానెడు పక్కకు లాగింది.

"అమ్మా! కదపకు!" రాఘవేంద్ర పరుగెత్తుకొచ్చాడు.

"కుర్చీ జరిపితే ఏం మునిగిపోయిందిరా?"

"వరస పోతుంది."

"వరసా? ఇదేమన్నా పెళ్లా?" అని, అయినా కొడుకు జరిపినచోటే కూర్చుంది, నెత్తి మీద చుక్కలు పడుతుండగా.

భువన పిలిచిన వకీలు రఘునందన్ వచ్చాడు. ఇద్దరు రికార్డిస్టులు వచ్చారు. భువనకు ముందు వరసలో కుర్చీ వేశాడు రాఘవేంద్ర. ఎంతో మర్యాదగా చెయ్యి చూపించాడు, అందువల్ల ఆమెకు అనుమానం ఇంకాస్త పెరిగింది. ఎవరెవరికి హక్కుందో, ఎవరి మాటకు విలువుందో, వాళ్లందరికీ కుర్చీలున్నాయి. కొమురమ్మకు లేదు. ఆమెకు కుర్చీ ఉండాలని అక్కడ ఎవరికీ తోచలేదు, ఆమెకూ తోచలేదు. పక్కగా కుళాయి దగ్గరికి పోయి బిందె పెట్టి తిప్పింది.

పదకొండూ పది. అందరూ రాయికేసి చూశారు.

ఏమీ లేదు. షామియానా మీద చినుకులు, ఎక్కడో లారీ హారను. పదకొండూ పదకొండు. రఘునందన్ వాచీ చూసుకుని రిజిస్టరు చూశాడు.

"వానకు నాని చల్లబడిపోయిందేమో," అన్నాడు రాఘవేంద్ర. "మూడేళ్లంటే మాటలా."

"ష్," అంది లీలాకుమారి. కళ్లు మూసుకుని, చెవి రాయికేసి పెట్టి, చేతులు ఒళ్లో బిగించుకుని ఉంది.

భువన చూపు కొమురమ్మ మీద పడింది. కొమురమ్మ కొంగు తల మీదికి లాక్కుని, తల వంచుకుని నిలబడి ఉంది. అచ్యుతరామయ్య ఎదురుగా మాట్లాడుతున్నప్పుడు ఆమె అలాగే నిలబడేది. మధ్యలో ఒకసారి తలెత్తి, రాఘవేంద్ర వంక చూసి, చప్పున చూపు దించుకుంది. కుళాయి కింద బిందె నిండి పొర్లుతున్నది. ఆ పొర్లే నీటి మీద సన్నని వణుకు, భువన టబ్బులో లేచేలాంటిది.

భువన లేచి అటు నడిచింది. నాలుగడుగులు వేసేసరికి, తలుపు తీసినట్టుగా, అచ్యుతరామయ్య గొంతు మీద పడింది. మామూలుగా కాదు, రెట్టింపు.

"...మూడో పుస్తకం, అరవై రెండో నంబరు. మళ్లీ చెబుతున్నాను, మూడో పుస్తకం..."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. నిశ్శబ్దం. ముందుకు వేసింది. గొంతు. బాక్సు వైపు చూసింది, రాయి వైపు చూసింది, మధ్యలో కొలిచి వేసిన కుర్చీల వైపు చూసింది. పద్దెనిమిదేళ్లుగా టబ్బులో చూస్తున్నదే. ఆ చివర ఒక చెయ్యి, ఈ చివర ఒక చెయ్యి. కుర్చీలన్నీ నీరు చచ్చినచోట ఉన్నాయి.

"లేవండి!" అని అరిచింది. "కుర్చీల్లోంచి లేవండి! ఇక్కడికి రండి, ఇక్కడ వినపడుతోంది!"

రఘునందన్ ముందు దూకాడు. కుళాయి దగ్గరికొచ్చి, "అరే!" అని నిలబడిపోయి, జేబులోంచి పెన్ను తీసి అరచేతి మీద అరవై రెండు వేసుకున్నాడు. లీలాకుమారి కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది. రాఘవేంద్ర ఆమె భుజం పట్టుకున్నాడు.

"తడుస్తావమ్మా, కూర్చో. వాళ్లేదో..."

"వదలరా!"

వదిలించుకుని, మోకాళ్ల మీద ఒక్కో అడుగూ ఈడ్చుకుంటూ వచ్చింది. ఇంకా మూడడుగుల దూరం ఉందనగా కొమురమ్మ ఉలిక్కిపడి, "ఆఁ, కట్టేసిన సారూ!" అని వంగి కుళాయి కట్టేసింది. ఆ తరవాత ఎవరికీ ఎక్కడా ఏమీ వినపడలేదు. నాలుగు నిమిషాలు అయిపోయాయి.

"ఏమన్నాడు?" అంది లీలాకుమారి. "అన్నయ్య ఏమన్నాడే?"

"నల్లా కట్టెయ్యమన్నడమ్మా. ఆ దినం గూడ నేను గీడనే బిందె వెట్టి లోపలికి వోయిన. నీళ్లు వోతున్నయని మాట నడుమ ఒర్లిండు."

"అది సరే, మొదట్నుంచీ విన్నావు కదా. ఏం చెప్పాడు?"

కొమురమ్మ ఆమె ముఖంలోకి చూసింది. పక్కనే వచ్చి నిలబడ్డ రాఘవేంద్రను చూసింది. "నాకు యాది లేదమ్మా," అంది. చిన్నప్పుడు కాసిన మేకల పేర్లు ఇప్పటికీ వరసగా చెప్పే మనిషి.

"వీళ్లిద్దరూ కూడబలుక్కున్నారు," అన్నాడు రాఘవేంద్ర. "పనిమనిషి మాట కోర్టులో చెల్లుతుందాండీ?"

"జర ఆగు భాయ్," అన్నాడు రఘునందన్, అరచెయ్యి చూపిస్తూ. "నేను గూడ విన్న. కోర్టుల రాయి మాట గూడ చెల్లదు. కానీ నంబరు చెల్లుతది. మూడో పుస్తకమంటే రిజిస్ట్రారు ఆఫీసుల వీలునామాలు ఎక్కించేది. సోమవారం పోయి నకలు దీస్త. తర్వాత రాసిన వీలునామా ఉంటే ముందుది రద్దయినట్టే. ఫికర్ ఎందుకు, అబద్ధమైతే అదీ తెలుస్తది."

సోమవారం నకలు వచ్చింది. 2001 జూలై 16న రిజిస్టరు చేయించిన వీలునామా. అందులో రాఘవేంద్ర పేరు లేదు. బిల్డరు రాళ్లు పేల్చేవాళ్లను ఇంకో గుట్టకు పంపించుకున్నాడు.

రాఘవేంద్ర ఏం చేశాడో తరవాత మెల్లగా అందరికీ తెలిసింది. ఎవరి మాటలో పట్టుకోవటానికి మావయ్య పెట్టిన ఆ కిటికీ మైకు, ఆ రోజు మావయ్య మాటల్నే పట్టుకుంది. ఆయన పోయాక సామాను సర్దుతుంటే ఆ టేపు రాఘవేంద్ర చేతికి దొరికింది. విన్నాడు. ఎవరికీ చెప్పలేదు. రాయి నోరు మూయించలేడు కనక, తనకు తెలిసిన విద్యతో ఆ మాటల్ని కంప్యూటరులో తలకిందులు చేశాడు, మిట్టలన్నీ పల్లాలుగా, పల్లాలన్నీ మిట్టలుగా. రాతికి ఆనించిన చిన్న మైకు మొదటి దగ్గు వినగానే బాక్సు మోగేలా పెట్టాడు. కుర్చీలున్నచోట ఒకదాన్నొకటి మింగేస్తాయి. అంతవరకూ లెక్క సరిపోయింది. ఇక్కడ చచ్చిన చప్పుడు ఇంకోచోట రెట్టింపవుతుందని అతనికి తెలియక కాదు. ఆ ఇంకోచోట ఒక మనిషి ఉంటుందని లెక్కలోకి రాలేదు. ఆ మధ్యాహ్నమే టేపు చెరిపేసి, కంప్యూటరులోది తీసేసి, సీడీ విరిచేశాడు.

లీలాకుమారి మూడు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఒక్క మాట అంది. "ఆస్తి కోసం చేశావు, సరే. మా అన్నయ్య గొంతు నాకు వినపడనివ్వలేదు."

నెలాఖరున భువన రిజిస్టరు సరిచూస్తూ ఆ శుక్రవారం పేజీ దగ్గర ఆగింది. ఆ రోజు పెరట్లో జరిగిన చప్పుళ్లన్నీ రాసే ఉన్నాయి: ఆటో, కుర్చీలు, తన అరుపు. ఒకటి రాయలేదు. బాక్సు రాయికేసి ముఖం పెట్టి ఉంది. రాయి తన మాట తాను మళ్లీ ఇవ్వదు. కాని బాక్సు మాట వచ్చి రాతికి తగిలింది కదా. తలకిందుల అల ఒంటరిగా మోగితే చెవికి తేడా తెలియదు. చెవికి మిట్టా పల్లమూ ఒకటే, రెంటి తగువులోనే అది తెలిసేది. ఆమె కలం తీసి రాసింది: 'ఉదయం 11-10. నాలుగు నిమిషాలు. బాక్సు.' తరవాత వెంగళరావు నగర్‌కు ఫోను చేసింది.

"మూడేళ్లు ఓపిక పట్టండి లీలమ్మగారూ."

"మోకాళ్లు పడతాయో లేదో అమ్మాయ్," అంది లీలాకుమారి. "నేను పడతాను."

2007 జూలై 16, సోమవారం. ఆ ఏడు వాన ఇంకా పట్టలేదు, ఎండ కాస్తున్నది. రాఘవేంద్ర తల్లిని కారులో తీసుకొచ్చి, గేటు దగ్గర దింపి, తాను దిగలేదు. కొమురమ్మ కుర్చీ తెచ్చి ఎక్కడపడితే అక్కడ వేసింది. ఈసారి ఎవరూ కొలవలేదు. పదకొండూ పదికి రాయి దగ్గింది.

"నేను అచ్యుతరామయ్యను," అంది రాయి. "ఒంట్లో బాగానే ఉంది, డాక్టరు మాట నేను నమ్మను. నిన్న ఒక్కణ్ణే రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి కొత్త వీలునామా రాయించాను. ఎవరికీ చెప్పను. కాగితం ఇంట్లో పెట్టను, ఇంట్లో చేతులెక్కువ. భువనకు చెబితే నేనెప్పుడు పోతానా అని చూస్తుంది. మంచిపిల్లే, అయినా చూస్తుంది." భువన నేల చూపులు చూసింది. "రాఘవకి ఏమీ ఇవ్వటం లేదు. నా వాన టేపు పట్టుకెళ్లి అమ్ముకున్నాడు. వాడు తప్ప నా బీరువా తెలిసినవాడు లేడు. అడగను. అడిగితే అబద్ధం చెబుతాడు, అది వినటం నాకిష్టం లేదు..."

అన్న గొంతు వినపడగానే నవ్విన లీలాకుమారి ముఖం అక్కడ ఆగిపోయింది. నంబరు వచ్చింది, మళ్లీ వచ్చింది, దాని మీద భువన మూడేళ్ల కిందటి అరుపూ వచ్చింది. ఎవరికేమిటో వచ్చింది. చివర, "కొమురమ్మా, కుళాయి కట్టెయ్యి!" అని రాయి అరిచింది. కొమురమ్మ, పారని కుళాయిని, వంగి కట్టేసింది.

"నువ్వు ఆ రోజే ఇది విన్నావు," అంది లీలాకుమారి.

"తల్లి ముంగట కొడుకును దొంగ అని ఎట్ల జెప్తనమ్మా."

లీలాకుమారి లేచింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గేటు దాకా నడిచింది. కారు తలుపు తీసి, కూర్చోకుండా నిలబడింది.

"వాన టేపు నా దగ్గరుందిరా," అంది. "నా బీరువాలో, చీరల కింద. నిద్ర పట్టటం లేదని ఒకరోజు వచ్చి తీసుకెళ్లాను. అన్నయ్య రికార్డింగులో ఉన్నాడు, ఎర్ర లైటు వెలుగుతోంది, తలుపు తియ్యకూడదు. తరవాత చెబుదామనుకుని మరిచిపోయాను. నువ్వు మమ్మల్నందర్నీ ఆ కుర్చీల్లో కూర్చోబెట్టకపోతే అదే రోజు, అక్కడే, అందరి ముందూ చెప్పేదాన్ని. పోనీ ముందే నన్నొక్కమాట అడక్కపోయావా?"

రాఘవేంద్ర స్టీరింగు మీద చేతులు తియ్యలేదు. "నేను భువన గారు తీశారనుకున్నాను," అన్నాడు. "అయినా నిన్ను అడిగితే, ఆ మాటలు నేను ముందే విన్నానని తెలిసిపోయేది కదమ్మా," అన్నాడు.

ఇక ఎవరికి ఏం దక్కిందంటే: థియేటరు, యంత్రాలు, మేడమీది గది భువనకు దక్కాయి. రాయి, కుళాయి, చుట్టూ ఇరవై గజాల నేల కొమురమ్మకు దక్కాయి. ఆమె ఇప్పుడు కూడా ఏడింటికే వచ్చి దాన్ని ఊడుస్తుంది. అచ్యుతరామయ్య పేరనే ఉన్న వెంగళరావు నగర్ ఇల్లు బతికినన్నాళ్లూ లీలాకుమారిది, ఆ తరవాత థియేటరుది.

మర్నాడు రాఘవేంద్ర వాన టేపు తానే తీసుకొచ్చి భువన చేతికిచ్చాడు. ఇచ్చాక వెళ్లకుండా గుమ్మంలో నిలబడ్డాడు, ఆమె ఇంకేమన్నా అంటుందేమోనని. భువన టేపును అటూ ఇటూ తిప్పి, పెట్టె మీద థియేటరు ముద్ర చూసి, రెండు చివర్లూ సరిగ్గా ఉన్నాయో లేవో చూసింది. రిజిస్టరు తెరిచి, 'వాన, ఒకటి, తిరిగి వచ్చింది' అని రాసింది. బీరువాలో పెట్టి తాళం వేసి, పడిందో లేదోనని ఇంకోసారి లాగి చూసింది.

రాఘవేంద్రకు ఏమీ రాలేదు.